నాకు మళ్లీ నిద్ర పట్టేలా చేసిన వాళ్లందరికీ

నిన్న రాత్రి పదకొండింటికి పడుకున్నాను. మధ్యలో ఒక్కసారి మెలకువ వచ్చింది. కాసిన్ని మంచినీళ్లు తాగి మళ్లీ పడుకున్నాను. లేచేసరికి ఐదుంపావు. ఏడాదికి పైగా రాత్రి రెండున్నరకే లేచి కూర్చుని, తెనాలి స్టేషన్‌లోంచి వచ్చే రైలు కూతలు వింటూ తెల్లారబెట్టుకున్నదాన్ని. అలాంటి నాకు ఇది ఎంత పెద్ద సంగతో కీళ్లనొప్పులున్న వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఈ నిద్ర నేనొక్కదాన్నే తెచ్చుకున్నది కాదు, చాలామంది తలో చెయ్యి వేశారు. వాళ్లకు ఎదురుగా చెబుదామంటే గొంతు పూడుకుపోతోంది. అందుకే ఇలా రాస్తున్నాను.

నేను టైలర్‌ని. ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని ఇరవై మూడేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. చేతులే నాకు ఆధారం. కిందటేడు ధనుర్మాసంలో ఒకరోజు ముగ్గు వేద్దామని వాకిట్లో కూర్చుంటే పిండి వేళ్లలో నిలవలేదు. రెండు చేతుల వేళ్లూ కణుపుల దగ్గర ఉబ్బి, బిగుసుకుపోయి ఉన్నాయి. పిడికిలి పట్టదు, కత్తెర వేలికి ఎక్కదు. గంట, గంటన్నర గడిస్తే గానీ సాగేవి కావు. చలికేమో అనుకున్నాను. సంక్రాంతి వెళ్లింది, ఉగాది వెళ్లింది, నొప్పి మాత్రం మణికట్లకూ మోకాళ్లకూ పాకింది. అన్నాళ్లూ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్లలతోనే నెట్టుకొచ్చాను. కడుపులో మంట పట్టుకున్నాక గానీ గుంటూరులో కీళ్ల డాక్టరుగారి దగ్గరికి వెళ్లలేదు.

రక్తపరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి కీళ్ల లోపలి పొర మీద పడుతుందట. వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకునే మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్, కొన్నాళ్లపాటు చిన్న మోతాదులో స్టెరాయిడ్ ఇచ్చారు. మందు పని తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చని ముందే చెప్పారు. అలాగే కార్తీకమాసం వచ్చేసరికి వాపులు చాలావరకు తీశాయి. కత్తెర పట్టుకోగలిగాను.

నిద్ర మాత్రం రాలేదు. నొప్పి తగ్గితే నిద్ర దానంతటదే వస్తుందని ఇంట్లో అందరం అనుకున్నాం. సాయంత్రం దీపం పెట్టే వేళకే నాకు రాత్రి గురించి టెన్షన్ మొదలయ్యేది. తొమ్మిదింటికే మంచం ఎక్కేదాన్ని, ఎక్కువసేపు పడుకుంటే కొంచెమైనా నిద్ర దొరుకుతుందని. పక్కకు తిరిగితే మోకాలు కలుక్కుమనేది, వెల్లకిలా పడుకుంటే నడుము లాగేది. పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు ఉండి కాళ్లు కదపకుండా ఉండలేకపోయేదాన్ని. ఒక షాపులో చీటీ లేకుండానే నిద్రబిళ్లలు ఇస్తే నెలల తరబడి వాడాను. మొదట్లో పనిచేశాయి. తరవాత అవి వేసుకున్నా నిద్ర రాదు, మానేస్తే ఆ రాత్రి ఒళ్లంతా వణుకు. ఒక పెద్దాయన అయితే "వయసు మీద పడితే అంతేనమ్మా" అనేశారు. నా వయసు యాభై ఒకటి. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది.

మొదట చెప్పుకోవాల్సింది మా పై వాటాలో ఉండే అక్కయ్యగారి గురించి. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. మాఘమాసంలో ఒక రాత్రి మూడింటికి నేను మెట్ల మీద కూర్చుని ఉంటే ఆవిడ బాల్కనీ లైటు వెలిగింది. కిందికి దిగి వచ్చి నా పక్కనే కూర్చున్నారు. ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. "ఏ మందు ఏ టైముకి వేసుకుంటున్నావో ఆ చీటీ పట్టుకురా అమ్మాయ్" అన్నారు. ఆ మెట్ల మీదే ఫోను లైటు వేసుకుని ఒక్కొక్క పేరూ చదివారు.

ప్రెడ్నిసలోన్ దగ్గర ఆగారు, అదే ఆ స్టెరాయిడ్ బిళ్ల. ఇది ఎప్పుడు వేసుకుంటున్నావని అడిగారు. రాత్రి అన్నం తిన్నాక అని చెప్పాను. చీటీలో పొద్దున అనే ఉంది. రాత్రి నొప్పికి కదా, రాత్రే వేసుకుంటే మంచిదని నా అంతట నేనే మార్చుకున్నాను. స్టెరాయిడ్ పొద్దుపోయాక వేసుకుంటే చాలామందికి నిద్ర చెడుతుందని ఆవిడే చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. "అలాగని నీ ఇష్టానికి ఆపేయకూడదు, ఈ మందు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. పొద్దున్నే డాక్టరుగారికి ఫోన్ చేద్దాం" అన్నారు. తెల్లారాక ఆవిడే ఫోన్ చేయించారు. పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోమని డాక్టరుగారు చెప్పారు. వారం తిరక్కుండానే రాత్రిపూట ఉండే గుండెదడలాంటిది తగ్గింది. అక్కయ్యగారు ఆ రోజు కిందికి దిగి రాకపోతే ఇంకా ఎన్నాళ్లు అలాగే మింగేదాన్నో.

తరవాత డాక్టరుగారు. ఆ నెల వెళ్లినప్పుడు బయట జనం బారులు తీరి ఉన్నా, ఆయన కీళ్ల సంగతి పక్కన పెట్టి నా నిద్ర గురించే అడిగారు. గురక ఉందా, పగలు కునుకు వస్తుందా, కాళ్లు లాగుతాయా, మనసు దిగులుగా ఉంటోందా. అన్నీ అడిగారు. నొప్పి నిద్రను పాడుచేస్తుంది, నిద్ర లేకపోతే అదే నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది, కాబట్టి రెండింటికీ వైద్యం చేయాలన్నారు. తెల్లవారుజామునే నాకు ఎక్కువ ఎందుకుంటుందో కూడా అర్థమయ్యేలా చెప్పారు. వాపు పుట్టించే రసాయనాలు రాత్రి పొద్దుపోయాక పెరుగుతాయట, వాటిని అణిచే కార్టిసాల్ అనే హార్మోను అర్ధరాత్రి ప్రాంతంలో బాగా తక్కువగా ఉంటుందట. రెండున్నరకు లేవడం నా పిరికితనం కాదని అప్పుడు తెలిసింది. అది తెలియడమే సగం ధైర్యం.

కాళ్ల లాగుడుకు ఐరన్ నిల్వ చూద్దామని ఫెరిటిన్ పరీక్ష రాశారు. చాలా తక్కువ వచ్చింది. ఐరన్ బిళ్లలు ఇచ్చి, టీ కాఫీలతో కలిపి వేసుకోవద్దని చెప్పారు. రెండు మూడు నెలలకు పిక్కల్లో పాకుడు దాదాపు పోయింది. నిద్రబిళ్లలు కూడా ఒక్కసారిగా మానిపించలేదు, వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించి ఆపించారు. డాక్టరుగారూ, ఆ రోజు మీరు వెచ్చించిన ఇరవై నిమిషాలకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి గురించి కొంచెం ఎక్కువే రాయాలి. మా అమ్మాయి ఈడు పిల్ల. "ఆంటీ, మీరు ఎలా పడుకుంటారో ఒకసారి చూపించండి" అని అక్కడున్న బల్ల మీదే పడుకోబెట్టింది. నేను మోకాళ్ల కింద రెండు దిళ్లు పెట్టుకుని, కాళ్లు మడిచి పడుకునేదాన్ని. హాయిగా ఉంటుంది మరి. రోజూ రాత్రంతా అలాగే ఉంటే మోకాలు పూర్తిగా చాపలేకుండా వంపులోనే బిగుసుకుపోతుందని చెప్పి ఆ రెండూ తీసేసింది. పక్కకు తిరిగి పడుకోబెట్టి, రెండు కాళ్ల మధ్య మోకాలి దగ్గర్నుంచి చీలమండ దాకా ఒకే దిండు పెట్టింది. పైచేతికి ఆనుకోవడానికి ఛాతీ దగ్గర ఇంకోటి. నడుము మీద, తుంటి మీద లాగుడు ఆ క్షణంలోనే తగ్గింది.

ఇంట్లో అంత పొడుగు దిండు లేదు. నేను టైలర్ని కదా, నేనే కుట్టుకున్నాను. పాత కాటన్ చీర కొంగు రెండు పొరలు వేసి, మూరన్నర పొడుగున గలీబు కుట్టి, బూరుగు దూది కూరాను. మొదట మరీ గట్టిగా కూరితే పైకాలు ఎత్తు మీద పెట్టినట్టయింది. విప్పి రెండు గుప్పిళ్లు తీసేశాను. మోకాళ్ల మధ్య ఒక జానెడు మందం ఉంటే నా తుంటికి సరిపోయింది. ఆ అమ్మాయికి చూపిస్తే కొలత తీసుకుని రాసుకుంది. ఈ మధ్య వాళ్ల దగ్గరికి వచ్చే ఇద్దరు పెద్దవాళ్లకు కూడా కుట్టించింది. డబ్బు తీసుకోబుద్ధి కాలేదు.

మంచం దిగేటప్పుడు వేళ్ల మీద బరువు వేసి లేవకుండా, పక్కకు దొర్లి, కాళ్లు కిందికి వదిలి, మోచేతి మీద ఆనుకుని లేవడం కూడా ఆ అమ్మాయే నేర్పింది. రాత్రి మణికట్టుకు పట్టీ, పడుకోబోయే గంట ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం, వేళ్లు ఆ నీళ్లలోనే పది నిమిషాలు మెల్లగా తెరవడం మూయడం. చదవడానికి చిన్న విషయాల్లా ఉంటాయి. పొద్దున గంటన్నర పట్టే బిగుతు ఇప్పుడు పావుగంటలో వదులుతోందంటే మందులతో పాటు వీటి పుణ్యం కూడా ఉంది.

మా పాత నవారు మంచం మధ్యలో గుంట పడింది. మావారు దాన్ని తీసేసి చెక్క మంచం వేయించి, కాళ్ల కింద దిమ్మలు పెట్టించి ఎత్తు పెంచారు. పరుపు దూది ఏకిన తాతగారు మా ఇంటి అరుగు మీదే రోజంతా కూర్చుని, మరీ మెత్తన కాకుండా, మరీ గట్టిగా కాకుండా ఎలా కావాలంటే అలా కుట్టి ఇచ్చారు. తాతగారూ, మీకు ఈ రాత చదివి వినిపించమని మీ మనవడికి చెప్పాను.

ఇంత చేసినా మెలకువ అలవాటు మాత్రం వెంటనే పోలేదు. అందుకు డాక్టరుగారు ఒక సైకాలజిస్ట్ మేడమ్ దగ్గరికి పంపారు. మొదట భయపడ్డాను, నాకేం పిచ్చా అని ఏడ్చాను కూడా. ఆవిడ చాలా ఓపికగా చెప్పారు. దీర్ఘకాలంగా నిద్ర పట్టని వాళ్లకు బిళ్లల కంటే ముందు ఇవ్వాల్సింది నిద్ర అలవాట్లనూ, నిద్ర గురించిన ఆలోచనలనూ మార్చే వైద్యమట, దాన్ని సీబీటీ-ఐ అంటారట. గంటల తరబడి మెలకువతో మంచం మీద దొర్లితే, మంచమంటే మేలుకుని ఉండే చోటని మనసుకు అలవాటైపోతుందట. ఆ అలవాటు విడిపించాలన్నారు.

వారం రోజులు నా కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాత్రుళ్లు రాశాను. ఎప్పుడు పడుకున్నాను, ఎప్పుడు లేచాను, ఎంతసేపు పట్టింది. లెక్క చూస్తే మంచం మీద తొమ్మిది గంటలు, నిద్ర ఐదు గంటలు కూడా లేదు. మేడమ్ నన్ను రాత్రి పదకొండున్నర నుంచి ఐదింటి వరకే మంచం మీద ఉండమన్నారు. నిద్ర రాకపోతే ఓ ఇరవై నిమిషాలయ్యాక లేచి వెళ్లి కుర్చీలో కూర్చోవాలి, నిద్ర ముంచుకొస్తేనే తిరిగి రావాలి. రాత్రి ఎలా గడిచినా ఐదింటికి లేవాల్సిందే. పగలు కునుకు లేదు, మధ్యాహ్నం రెండు దాటితే కాఫీ లేదు.

మొదటి పది రోజులూ నరకం. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మిషను ముందు కళ్లు మూతలు పడేవి. ఆ పది రోజులూ గుడ్డ కత్తిరించలేదు, మోటారు ముట్టలేదు, ఉక్సులు కుట్టడం వరకే చేశాను. మూర్ఛ, మనసుకు సంబంధించిన కొన్ని జబ్బులు ఉన్నవాళ్లు, బండి నడిపే పనిలో ఉన్నవాళ్లు ఇది సొంతంగా మొదలుపెట్టకూడదని మేడమ్ గట్టిగా చెప్పారు. మూడో వారంలో ఒక రాత్రి పడుకోగానే నిద్ర పట్టింది. మంచం మీద ఉన్న సేపట్లో నూటికి ఎనభై ఐదు వంతులు నిద్ర ఉంటే మరో పావుగంట కలపడం. అలా పావుగంట పావుగంట కలుపుకుంటూ పదకొండు నుంచి ఐదుంపావుకు వచ్చాను.

ఆ కుర్చీ రాత్రుళ్లలో మావారు లేచి వచ్చి పక్కన కూర్చునేవారు. నిద్ర పాడుచేసుకోవద్దన్నా వినేవారు కాదు. మాట్లాడేవారు కాదు, ఊరికే కూర్చునేవారు. పొద్దున ఐదింటికి నన్ను లేపి, కాఫీ కలిపి, వాకిట్లోకి వెలుతురులోకి తీసుకెళ్లేవారు. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి రోజూ రాత్రి ఫోన్ చేసి, ఆదివారం బిళ్ల ఆదివారమే వేసుకున్నావా అని అడిగేది. మెథోట్రెక్సేట్ పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని దాని భయం. రక్తపరీక్షల తేదీలు కూడా దానికే గుర్తు.

కిందటి శ్రావణమాసంలో జాకెట్లు సమయానికి ఇవ్వలేకపోయిన నా కస్టమర్లకు చేతులెత్తి దండం పెడుతున్నాను. పూజకు కట్టుకోవాల్సిన పట్టుచీరలు. ఆది జాకెట్లు నా దగ్గరే ఉండిపోయినా ఒక్కరూ గట్టిగా మాట అనలేదు. ఒకావిడ గుడ్డ వెనక్కి తీసుకోవడానికి వచ్చి, నా చేతులు చూసి, గుడ్డ అక్కడే పెట్టి వెళ్లిపోయారు. అమ్మా, మీ జాకెట్టు ఇంకా నా లెక్కలో బాకీ ఉంది.

నొప్పి పూర్తిగా పోలేదు. వాన ముసురు పట్టిన రోజుల్లో మణికట్టు ఇంకా లాగుతుంది. వారంలో రెండు రాత్రులు సరిగా ఉండవు. ఆ రాత్రుళ్లు కుర్చీలో కూర్చుంటాను, భయం మాత్రం వేయడం లేదు. స్టెరాయిడ్ పోయిన నెలలో డాక్టరుగారే తగ్గిస్తూ వచ్చి ఆపించారు.

ఈ శ్రావణానికి ఆర్డర్లు తీసుకుంటున్నాను, రోజుకు మూడు జాకెట్లకు మించకుండా. అక్కయ్యగారూ, మీ మంగళగిరి చీర మీదికి జాకెట్టు అయిపోయింది. చేతులకు మీరడిగిన అంచే వేశాను. ఇస్త్రీ చేసి బీరువాలో పై అరలో పెట్టాను. మూడు మెట్లెక్కితే మీ ఇల్లే గానీ, నేనే వచ్చి ఇస్తాను. డబ్బు మాట ఎత్తొద్దు.