ఎడమ చేతి చిటికెన వేలు

చెన్నై,
మంగళవారం రాత్రి

చి. అమ్మలుకి నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం.

రేపటికి నీకు ఆరు వారాలు నిండుతాయి. రేపు బుధవారం, ఇక్కడి ఆరోగ్య కేంద్రాల్లో టీకాలు వేసే రోజు. నీ టీకాల కార్డు, పలచటి నూలు గుడ్డ, రెండు జతల బట్టలు సంచిలో సర్దిపెట్టాను. పెద్దయ్యాక నువ్వు ఇది చదివేటప్పుడు నీ ఎడమ జబ్బ మీద మినపగింజంత మచ్చ ఉంటుంది. దాని దగ్గరే మొదలుపెడతాను.

అది బీసీజీ. క్షయ నుంచి, ముఖ్యంగా పసిపిల్లల మెదడుకు పాకే క్షయ నుంచి కాపాడుతుంది. పుట్టగానే చర్మం పొరల మధ్య 0.05 మిల్లీలీటరు వేస్తారు, నెల దాటిన బిడ్డకైతే 0.1. వేసినప్పుడు చిన్న పొక్కులా లేచి కాసేపటికి అణిగిపోతుంది. అయిపోయిందనుకుంటాం కానీ అసలు పని తర్వాత మొదలవుతుంది. కొన్ని వారాలకు ఎర్రటి గింజలా లేస్తుంది, చీము పడుతుంది, చితికి పక్కు కడుతుంది, రెండు మూడు నెలలకు మచ్చ మిగులుతుంది. ఇప్పుడు నీ జబ్బ మీద ఆవగింజంత చీము చుక్క ఉంది. పెద్దవాళ్లకు పసుపు అద్దకపోతే చెయ్యి ఆగదు. పసుపు వద్దు, నొక్కడం వద్దు, కట్టు వద్దు. స్నానమయ్యాక మెత్తటి గుడ్డతో తడి అద్ది వదిలేస్తే చాలు. చంకలో గడ్డలాంటిది తగిలితే మాత్రం డాక్టరుకి చూపించాలి.

దేశభక్తి అన్న మాట చాలాసార్లు విన్నాం, జెండా పండగనాడు మనమూ అన్నాం. నిన్ను ఒళ్లో పెట్టుకున్నాక ఆ మాటకి నాకు చేతికందే అర్థం ఒకటి దొరికింది. మన గుమ్మం ఎప్పుడూ తొక్కని మనుషులు, నీ పేరు కూడా తెలియని మనుషులు, నీకోసం ముందే పని చేసి పెట్టారు. ఆ పని ఎక్కడెక్కడుందో నీకు చూపించాలని ఈ ఉత్తరం.

నువ్వు కడుపులో ఉన్నప్పుడు అమ్మ రోజూ వేసుకున్న మాత్రలో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ ఉంది. దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసింది అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థలో యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో పనిచేసిన బృందం. ఆయన భీమవరంలో పుట్టారు. మన చెన్నైలోనే, సెంట్రల్ స్టేషన్ దగ్గరి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. గాంధీ గారి పిలుపు విని ఆపరేషను గదికి ఖద్దరు వేసుకెళ్లినందుకు పై ప్రొఫెసరుకి కోపం వచ్చింది. ఎంబీబీఎస్ బదులు అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నీకు ఆ కాలేజీ చూపిస్తాను. ఒక్కటి గుర్తుపెట్టుకో: బిడ్డ వెన్నుపాము ఏర్పడే గొట్టం గర్భం వచ్చిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అది సరిగా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి, అందుకే బిడ్డ కావాలనుకున్న నాటినుంచే రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. నీ వంతు వచ్చినప్పుడు ఇది మర్చిపోకు.

పుట్టిన 24 గంటల్లోపు నీకు హెపటైటిస్ బి టీకా పడింది. ఆలస్యమైతే తల్లి నుంచి బిడ్డకు పాకే జబ్బును ఆపే అవకాశం తగ్గిపోతుంది, అందుకే అంత తొందర. ఒకప్పుడు ఈ టీకా బయటి దేశాల నుంచి రావాలి, సామాన్యుల ఇళ్లకి అందని ధర. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి గారు హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి 1997లో మన దేశపు మొదటి రీకాంబినెంట్ (జన్యువులను మార్చే పద్ధతిలో తయారైన) హెపటైటిస్ బి టీకా తెచ్చారు. ధర దిగివచ్చింది.

ఇక రేపటి సంగతి. ఎడమ తొడకి పెంటావాలెంట్ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ అనే బాక్టీరియా తెచ్చే జబ్బులు, ఈ ఐదింటికీ కలిపి ఒక్క సూది), కుడి తొడకి న్యుమోనియా టీకా, కుడి జబ్బకి చర్మంలో పోలియో సూది, నోట్లో రెండు పోలియో చుక్కలు, విరేచనాల నుంచి కాపాడే రోటా మందు. రోటా టీకాల్లో ఒకటైన రోటావ్యాక్ వెనక ఉన్న వైరస్ 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసికందుల దగ్గర దొరికింది, టీకాగా తయారైంది హైదరాబాదులో. ఎవరి బిడ్డలో వాళ్లు!

నర్సమ్మ భుజానికి తగిలించుకొచ్చే నీలం డబ్బాని గమనించు. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. లోపల నాలుగు ఐసు ప్యాకులుంటాయి. ఫ్రీజరులోంచి తీసిన వెంటనే పెట్టకూడదు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి, అప్పుడు పెట్టాలి. ఎందుకంటే పెంటావాలెంట్ గడ్డకడితే పాడవుతుంది. ఎండకంటే అతి చల్లదనమే దానికి ఎక్కువ హాని. సీసా మీద చిన్న వృత్తం, అందులో తెల్లటి చదరం ఉంటుంది. వేడి తగిలేకొద్దీ చదరం నల్లబడుతుంది. చదరం చుట్టూ ఉన్న వృత్తంతో సమానంగా నల్లబడితే ఆ సీసా వాడకూడదు. వేసే ముందు దాన్ని చూపించమని అడగడం తప్పు కాదు. మంచి నర్సమ్మ సంతోషంగా చూపిస్తుంది.

వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి. అమ్మ పాలిస్తే ఏడుపు త్వరగా తగ్గుతుంది. సూది చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు, చల్లటి తడిగుడ్డ చాలు. రాత్రికి జ్వరం రావచ్చు. పారాసిటమాల్ బరువుని బట్టి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అదీ నర్సమ్మో డాక్టరో చెప్పిన మేరకే. ఇక్కడే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. పసిపిల్లల డ్రాప్స్‌లో మామూలుగా ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉంటుంది, మామూలు సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకి 125. రెండూ ఒకే మందు, బలం మాత్రం నాలుగింతలు తేడా. సిరప్ కొలతతో డ్రాప్స్ పడితే ప్రమాదం. సీసా మీది అక్షరాలు చదవకుండా చుక్క పట్టకూడదు. మూడు గంటలకు మించి ఆగని ఏడుపు, ఫిట్స్, ఒళ్లు వేలాడిపోవడం, పాలు తాగకపోవడం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మరేదీ వద్దు. తేనె నాకించడం, గ్రైప్ వాటరు, ఎండాకాలమని నీళ్లు, ఏదీ వద్దు. చెన్నై ఎండల్లో కూడా పాలలో ఉన్న నీళ్లే చాలు. రోజుకి ఆరు గుడ్డలైనా తడిస్తే పాలు సరిపోతున్నట్టు. సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకి పడదు. ఒళ్లు నలిచి నీళ్లు పోయడం బాగుంటుంది, ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు వేయడమే కూడదు. ఇవి చెప్పాల్సింది అమ్మ కాదు, నాన్న. అత్తగారికి కోడలు చెబితే గొడవ, కొడుకు చెబితే మాట. ఇంట్లో మగవాడు చెయ్యగలిగిన పనుల్లో గుడ్డలు ఉతకడం, పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పించడంతో పాటు ఇదీ ఒకటి.

పోలియో ఆదివారం సంగతి విడిగా చెప్పాలి. 1995లో పల్స్ పోలియో మొదలైంది. ఆఖరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరాలో కనిపించింది. 2014 మార్చి 27న మన దేశం పోలియో లేనిదని ప్రకటించారు. ఈ రెండు చుక్కల కోసం రైల్వే స్టేషన్లలో, బస్టాండుల్లో నిలబడినవాళ్లు, చాక్‌పీసుతో తలుపుల మీద గుర్తు పెడుతూ మిగిలిన బిడ్డ కోసం మళ్లీ తిరిగినవాళ్లు లక్షల్లో ఉన్నారు. పొరుగు దేశాల్లో ఆ వైరస్ ఇంకా ఉంది కాబట్టి ఇప్పటికీ వేస్తున్నారు. చుక్క వేశాక ఎడమ చేతి చిటికెన వేలి గోరు మీద మార్కరుతో గీత పెడతారు. బిడ్డ ఉమ్మేస్తే మళ్లీ వేస్తారు, మొహమాటపడకుండా అడగాలి.

పద్దెనిమిదేళ్లు నిండాక అదే చేతికి మళ్లీ సిరా పడుతుంది, ఈసారి చూపుడు వేలికి. మైసూరులో 1962 నుంచి తయారవుతున్న సిరా అది. అందులోని సిల్వర్ నైట్రేట్ చర్మంలో ఇంకి వెలుతురు తగిలితే నల్లబడుతుంది, కడిగితే పోదు, గోరు పెరిగి కత్తిరిస్తేనే పోతుంది. చిటికెన వేలి గీత మేం పెట్టించింది. చూపుడు వేలిది నువ్వే వెళ్లి పెట్టించుకోవాలి.

కాగితాల సంగతి. పుట్టుక 21 రోజుల్లోపు నమోదు కావాలి. ఆసుపత్రిలో పుట్టినవాళ్ల వివరాలు ఆసుపత్రే కార్పొరేషనుకి పంపుతుంది. పేరు తర్వాత చేర్చుకోవచ్చు, ఏడాదిలోపు రుసుము లేకుండా. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకి బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం. ఇక్కడ మన తెలుగువాళ్లకి ఒక చిక్కుంది. మనకి ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడి అలవాటులో తండ్రి పేరు మొదటి అక్షరం ముందుంటుంది. బడి రిజిస్టర్లో ఒక అక్షరం, ఆధార్‌లో ఇంకో అక్షరం పడితే పదేళ్ల తర్వాత అఫిడవిట్లు రాసుకుంటూ తిరగాలి. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు కుదరవు. అందుకే నీ సర్టిఫికెట్టులో ఇంటిపేరు పూర్తిగా, అమ్మానాన్నల పేర్లు ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతోనే రాయించాను. ప్రింటు తీసే ముందు ఒక్కో అక్షరం వేలుపెట్టి చదివాను. ఆధార్‌లో వేలిముద్రలు ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక ఒకసారి ఇవ్వాలి, ఆ రెండూ మర్చిపోకు.

బడిలో తమిళం తప్పనిసరి, 2006 చట్టం ప్రకారం. మనసుపెట్టి నేర్చుకో, నీకు సూది వేసే నర్సమ్మ జోల పాడేది ఆ భాషలోనే. తెలుగు అక్షరాలు మాత్రం ఇంట్లో నేనే దిద్దిస్తాను, రోజుకి ఒక్కటి, పలక మీద.

కార్డులో రేపటి గడి పక్కన పదో వారం, పద్నాలుగో వారం గడులు ఖాళీగా ఉన్నాయి. తొమ్మిదో నెల గడి దగ్గర పెన్సిలుతో సున్నా చుట్టాను, తట్టు, రుబెల్లా టీకా అప్పుడు. ఈ ఉత్తరాన్ని ఆ కార్డున్న కవరులోనే పెడుతున్నాను. నువ్వు కదులుతున్నావు, పాలవేళ అయినట్టుంది. అమ్మని లేపాలి.

నీ నాన్న