ఈ కాపు నుంచి కాఫీ పొడి ధర పెంచుతున్నాను: లెక్క ఇదీ

అందరికీ నమస్కారం.

ముందు అసలు విషయం చెబుతాను. వచ్చే నెల మొదటి తేదీ నుంచి మా పావుకిలో అచ్చమైన కాఫీ పొడి ప్యాకెట్ ధర 310 రూపాయల నుంచి 360కి, 20 శాతం చికోరీ (ఒక మొక్క వేరును వేయించి చేసే పొడి) కలిపిన ప్యాకెట్ ధర 260 నుంచి 300కి పెరుగుతుంది. పొడి పట్టించకుండా గింజలుగా తీసుకునేవారికీ ఇవే ధరలు. మూడు నెలల డబ్బు ముందుగానే కట్టినవారికి ఆ గడువు పూర్తయ్యేదాకా పాత ధరకే పంపుతాను.

ధర పెంచడం నాకు ఇష్టమైన పని కాదు. మీలో చాలామంది రెండు పూటలా తాగే కాఫీ ఇది, పండక్కో పబ్బానికో కొనే వస్తువు కాదు. నెలకు మూడు నాలుగు ప్యాకెట్లు వాడే ఇంటికి ఈ పెంపు తెలియకుండా పోదు. అందుకే ఏ రూపాయి ఎక్కడికి పోతోందో మీకు తెలియాలి.

నేను వేయించేది అరకు, అనంతగిరి కొండల్లో పండే అరబికా రకం కాఫీ. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, అవే చెట్లకు మిరియపు తీగలు పాకించి, గిరిజన కుటుంబాలు చిన్న చిన్న కమతాల్లో పెంచే తోటలవి. నవంబరు వచ్చేసరికి కోతలు మొదలవుతాయి. ఒకే కొమ్మ మీద పచ్చి కాయలూ ఎర్రటి పండ్లూ కలిసే ఉంటాయి కాబట్టి పండినవి మాత్రమే కోయాలంటే ఒకే తోటను మళ్లీ మళ్లీ తిరగాలి. పండు తొక్క తీసి, జిగురు వదిలేదాకా పులియబెట్టి, కడిగి, తేమ 11 శాతం దగ్గరకు దిగేవరకు ఎండబెడతారు. ఇంత చేశాక, మిల్లులో పైపొర తీయించాక, ఒక కిలో పచ్చి గింజలు చేతికి రావాలంటే దాదాపు ఆరు కిలోల పండ్లు కోయాల్సి ఉంటుంది.

ఈ కాపుకు కిలో పచ్చి గింజలకు నేను నిరుటికంటే 150 రూపాయలు ఎక్కువ ఇచ్చాను. దీనికి మూలం మన కొండల్లో లేదు. ప్రపంచంలో పండే కాఫీలో మూడో వంతుకు పైగా బ్రెజిల్‌దే. 2024లో అక్కడ వానలు మొహం చాటేశాయి. ఆ ఏడాది డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్లో అరబికా ధర 1977 నాటి రికార్డును దాటింది, 2025 ఫిబ్రవరిలో పౌండుకు (దాదాపు 454 గ్రాములకు) 4 డాలర్లు మించిపోయింది. ఆ తర్వాత ఎగుడుదిగుడులు ఉన్నా, సంతకు వచ్చే వ్యాపారి ఆ అంకెలు చూసుకునే వస్తాడు, రైతు కూడా ఇప్పుడు వాటిని ఫోనులో చూస్తున్నాడు. చూడాలి కూడా. కొండ దిగువన కప్పు కాఫీకి ఎంత పలుకుతోందో తెలియకుండా ఏళ్ల తరబడి గింజలు అమ్ముకున్నవాళ్లు వాళ్లు. ఈ 150 రూపాయల దగ్గర నేను బేరం ఆడలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. 2025 ఆగస్టులో అరకు ప్రాంతపు తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. మన దేశంలో 1990లో నీలగిరుల్లోని గూడలూరు దగ్గర మొదట బయటపడిన పురుగు ఇది. ఇన్నేళ్లూ మన వైపు రాలేదని అందరం ధీమాగా ఉన్నాం. కాయకు సన్నని రంధ్రం చేసుకుని లోపలికి వెళ్లి గింజలోనే గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు గింజను తినేస్తాయి. సోకిన తోటల్లో కాయలు దూసి, మరిగే నీళ్లలో ముంచి, గోతులు తీసి పాతిపెట్టారు. సొంత చేతులతో పెంచిన కాపును అలా పూడ్చడం ఎంత కష్టమో ఏ రైతు కుటుంబానికైనా చెప్పనక్కర్లేదు. నా దగ్గరకు వచ్చిన బస్తాల్లో రంధ్రం పడ్డ గింజలు చాలా తక్కువ. అయినా వేయించే ముందు ప్రతి విడతా చేటలో పోసి ఏరుతున్నాం. రంధ్రం పడ్డవి, నల్లబడ్డవి, విరిగినవి పక్కకు పోతాయి. కిలోకి 40 గ్రాముల దాకా అక్కడే తగ్గుతుంది.

మిగిలిన 960 గ్రాములు వేయించే డ్రమ్ములోకి విడతలుగా వెళ్తాయి. వేగేటప్పుడు గింజలోని నీరు ఆవిరవుతుంది, పొట్టు ఊడిపోతుంది, కొంత వాయువుగా మారిపోతుంది. నేను వేయించే రంగుకు వచ్చేసరికి బరువు సుమారు 15 శాతం తగ్గుతుంది. అంటే కిలో కొంటే మీ ఇంటికి చేరేది 816 గ్రాములు: మూడు పావుకిలో ప్యాకెట్లు, పైన కొసరు. ఎక్కువ ఇచ్చిన 150 రూపాయలను ఆ బరువుకు పంచితే ప్యాకెట్‌కు 46 పడుతుంది. మిగతా 4 రూపాయలు, లోపలి వాయువును బయటికి వదిలే వాల్వు ఉన్న కవరు ధర పెరిగినందుకు. చికోరీ కలిపినదాంట్లో కాఫీ 200 గ్రాములే కాబట్టి అక్కడ పెంపు తక్కువ. గ్యాసుకూ, కరెంటుకూ, నా శ్రమకూ ఇందులో ఏమీ కలపలేదు.

ధర కదల్చకుండా నెట్టుకురావచ్చు కదా అని కొందరు ఆత్మీయులే సలహా ఇచ్చారు. దారులు ఉన్నాయి. అవి ఎలా పనిచేస్తాయో మీకు తెలిస్తే మరెక్కడ కొన్నా పనికొస్తుంది.

అన్నిటికంటే తేలిక చికోరీ పెంచడం. కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలనీ, ఏది ఎంతో ప్యాకెట్ మీద వేయాలనీ మన ఆహార నిబంధనలు చెబుతున్నాయి. అంటే 49 శాతం దాకా వేరు పొడి కలిపినా అది చట్టబద్ధమే. చికోరీ మీద నాకు కోపం లేదు. డికాక్షన్‌కు చిక్కదనం, పాలలో నిలిచే రంగు దాని వల్లే వస్తాయి, మన ఇళ్లలో తరాలుగా ఆ రుచికి అలవాటు పడ్డాం. కానీ 20 అని నమ్మి కొంటున్నవారికి 35 కలిపి, అంకెను కవరు వెనక చిన్న అక్షరాల్లోకి దింపడం నా వల్ల కాదు. మీరే 30 కావాలంటే కలిపి ఇస్తాను, ధర ఆ మేరకు తగ్గుతుంది, అంకె ముందువైపే ఉంటుంది.

రెండో దారి తక్కువ రకం గింజలు కొని బాగా నల్లగా వేయించడం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నల్లగా ఉంటేనే ఘాటైన కాఫీ అని చాలామంది అనుకుంటారు. డ్రమ్ములో పోసిన గింజ మొదట పచ్చిగడ్డి వాసన వేస్తుంది, పసుపు రంగుకు తిరిగాక కాల్చిన రొట్టె వాసన వస్తుంది. నా యంత్రంలో 195 డిగ్రీలు దాటాక చిటపటమని గట్టిగా పగులుతుంది. గింజ లోపలి ఆవిరి దాన్ని తెరిచే క్షణం అది. ఆ తర్వాత రెండు నిమిషాలలోపే రుచి అంతా తేలుతుంది. నేను అక్కడ గొట్టంతో గింజలు బయటికి లాగి చూస్తూ, వాసన చూస్తూ నిలబడతాను, ఫోను మోగినా ఎత్తను. ఇంకా వేగనిస్తే రెండోసారి సన్నగా, త్వరత్వరగా పగలడం మొదలవుతుంది, నూనె పైకి తేలుతుంది. అక్కడి నుంచి గింజ రుచి పోయి మాడు రుచి వస్తుంది. మంచి గింజా చెడ్డ గింజా ఒకేలా ఉంటాయి. పురుగు పట్టినదీ, నేల మీద రాలి పులిసినదీ ఆ నలుపులో కనబడవు. పైకి వచ్చిన నూనె గాలి తగిలి త్వరగా కంపు కొడుతుంది కూడా. ఆరు కిలోల పండ్లు ఏరి కోసినవాళ్ల శ్రమను అలా మాడ్చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు దారి, మొదటి చిటపట అవుతుండగానే దించేయడం. బరువు 12 శాతమే తగ్గుతుంది, కిలోకి ముప్పై గ్రాములు మిగులుతుంది. కానీ ఆ పొడితో ఫిల్టర్ వేసి పాలు కలిపితే పులుపు, పచ్చి వాసన తేలతాయి. డ్రమ్ము నిండా గింజలు కుక్కడమూ అలాంటిదే. నా యంత్రం కిలోది, నేను పోసేది 800 గ్రాములు. అంతకుమించి పోస్తే వేడి అందని చోట గింజలు నెమ్మదిగా ఉడికి చప్పబడతాయి. ప్యాకెట్‌ను 225 గ్రాములు చేసి పాత ధరే ఉంచమన్నారు ఒకరు. కవరు పట్టుకున్న చేతికి ఆ తేడా తెలియదు కాబట్టే అది వద్దనుకున్నాను.

పెద్ద యంత్రం కొంటే ఖర్చు తగ్గుతుందా అని అడుగుతున్నారు. గ్యాసు, సమయం కొంత కలిసివస్తాయి. అయితే ఇంట్లో పెట్టుకున్న ఈ చిన్న డ్రమ్ము వల్లే ఆర్డర్లు వచ్చాక వేయించగలుగుతున్నాను. పెద్దదైతే వేయించి నిల్వ పెట్టాలి. విశాఖ సముద్రపు గాలిలో వేయించిన గింజ నిల్వ పెట్టడం అంటే తేమ తాగించడమే. ఈ ఏడాది యంత్రం మార్చను.

ఇంత ధర పెట్టి కొంటున్నారు కాబట్టి ఒక్క మాట. ప్యాకెట్ మీద వేయించిన తేదీ ఉంటుంది. ఆ రోజే డికాక్షన్ వేయకండి. గింజలోని బొగ్గుపులుసు వాయువు ఇంకా బయటికి వస్తూ ఉంటుంది, పొడి పొంగుతుంది, నీరు సమంగా దిగదు. నాలుగైదు రోజులు ఆగితే రుచి కుదురుతుంది. తెరిచాక మూడు వారాల్లో వాడేయండి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీస్తూ పెడుతూ ఉంటే చెమ్మ పడుతుంది, గాలి చొరబడని డబ్బా చాలు. ఇంట్లో మిక్సీ ఉన్నవారు గింజలుగా తీసుకుని వారానికి సరిపడా పట్టుకోవడం అన్నిటికన్నా మంచిది.

కొత్త ధర ఇబ్బంది అనిపించినవారి కోసం 100 గ్రాముల ప్యాకెట్ కూడా మొదలుపెడుతున్నాను: అచ్చమైనది 145, చికోరీ కలిపినది 120. ఎప్పటిలాగే ఆదివారం రాత్రిలోపు చెప్పినవారికి మంగళవారం వేయించి, బుధవారం పార్సిల్ పంపుతాను. ఈ నెలాఖరు వరకు వచ్చే ఆర్డర్లన్నిటికీ పాత ధరే, ఇంటికి రెండు ప్యాకెట్ల చొప్పున.