హోస్టా మడుల సంరక్షణ సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా నివేదిక చదవాలన్నది మన నిబంధన. అది లేకపోయినా ఈసారి రాసేవాణ్ణే. ఎవరు ఎంత చేశారో నలుగురికీ తెలియాలి.

ముందుగా కృతజ్ఞతలు. ఆకుల అందం కోసం నీడలో పెంచే హోస్టా మొక్కల మడులకు ఆకు ఎరువు మోసిన పెద్దలకు, టార్చిలైట్లు, పాత బకెట్లు ఇచ్చినవారికి, వసంతంలో దుబ్బులు విడదీసినప్పుడు మొక్కమొక్కకీ చాకు శుభ్రం చేసి అందించిన అమ్మాయికి ధన్యవాదాలు. చాకు సంగతి చిన్నదనుకోకండి. హోస్టా వైరస్ ఎక్స్ అనే తెగులు ఒక మొక్క రసం అంటుకున్న చాకుతో ఇంకో మొక్కకి పోతుంది, దానికి మందు లేదు. ఆకు ఈనెల వెంట సిరా ఒలికినట్టు రంగు పాకిన మొక్క ఒకటి కనిపిస్తే వేళ్లతో సహా తీసి పారేశాం. ఆ మొక్క ఇచ్చిన సభ్యులు నొచ్చుకున్నారు, కానీ తప్పలేదు.

ఇక స్లగ్‌లు, అంటే గుల్ల లేని నత్తలు. హోస్టా ఆకు చుట్టలా మొలుస్తుంది. విప్పుకోకముందే స్లగ్ ఒక్కచోట కొరికితే చాలు, విచ్చుకున్నాక ఆకు నిండా వరసగా కన్నాలే. ఇక సీజనంతా ఆ ఆకునే చూస్తూ కూర్చోవాలి. అవి రాకుండా గుడ్డు పెంకులు చల్లాం, కుండీలకు రాగి పట్టీలు చుట్టాం. బ్రిటన్‌లోని తోటల సంఘం రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పరీక్షలో ఇలాంటి అడ్డంకులు పనిచేయలేదని 2018లోనే వచ్చిందని ఒక సభ్యులు చెప్పారు. మేం వినలేదు. ఒక రాత్రి లైటు వేసి చూస్తే, రాగి పట్టీ మీదుగానే ఒకటి తాపీగా ఎక్కిపోతోంది.

అప్పుడు మొదలైంది మన రాత్రి వేట. ఈ ఏడు సంఘం గర్వంగా చెప్పుకోవాల్సిన పని ఇదే. బాగా చీకటి పడ్డాక, ముఖ్యంగా వాన వెలిసిన రాత్రుల్లో, ఆకు అడుగున, కాడల మొదట్లో వెతికి చేత్తో ఏరి సబ్బునీళ్ల బకెట్లో వేశాం. ఉప్పు చల్లుదామన్నవారిని ఆపాం, మట్టి పాడవుతుంది. మొదటి రాత్రి బకెట్ అడుగు కనబడలేదు. ఆరో వారానికి వేళ్ల మీద లెక్కపెట్టే పరిస్థితి. మందం ఆకుల 'హాల్సియన్', 'సమ్ అండ్ సబ్‌స్టెన్స్' రకాలు దాదాపు చెక్కుచెదరలేదు. పల్చటి ఆకుల రకాలే జల్లెడయ్యాయి. ఒక మాట, నీలి ఆకులను ముద్దుగా నిమరకండి. ఆ నీలం మైనం పూత వల్లే, చెయ్యి తగిలితే పోతుంది.

వేటకి పేర్లిచ్చింది పద్నాలుగు మంది. వచ్చింది ఐదుగురు, అందులో ఒకరు టార్చి లేకుండా. "ఈ వారం కొంచెం టెన్షన్ అండీ" అన్న మాట నాకు కంఠతా వచ్చేసింది. మడులకు నీళ్లు పెట్టించే అధికారుల సంగతి ఇంకో తీరు. స్ప్రింక్లర్ సాయంత్రం ఆన్ అవుతోంది, రాత్రంతా మడులు తడిగా ఉండి స్లగ్‌లకు పండగ, దయచేసి పొద్దున్నే పెట్టండని మూడు ఉత్తరాలు రాశాం. ఇప్పటికీ సాయంత్రమే.

లెక్కలు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, కావలసినవారు చూసుకోవచ్చు. మిగిలినది కొంచెమే. ఖర్చులో ఎక్కువ స్లగ్‌లను చంపే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలకే పోయింది. మెటాల్డిహైడ్ అనే ఇంకో స్లగ్ మందు చవకే గానీ కుక్కలకు విషం, అందుకే వద్దన్నాం.

మంచుకు ఆకులు పడిపోగానే అన్నీ ఏరి తీసేయాలి. వాటి కిందే స్లగ్‌లు దాక్కుంటాయి, తడి మట్టిలో గుడ్లు పెడతాయి. ఆ పనికీ, వసంతం వేటకీ వంతుల పట్టిక తలుపు పక్కన పెట్టాం. పెన్ను దారంతో కట్టే ఉంది.

ఇట్లు,
కార్యదర్శి