డిసెంబరు వార్తాలేఖ: ఎర్ర పెట్టెలోని కార్డుల గురించి

శ్రీకాకుళం, డిసెంబరు 22, సోమవారం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ లేఖ మామూలుగా నెలాఖరున వస్తుంది. కానీ శుక్రవారం రాత్రి నుంచి మీ వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న మాటలు నా దాకా వచ్చాయి. శనివారం పొద్దున్న గేటు దగ్గర నలుగురైదుగురు నన్ను ఆపి అడిగారు కూడా. అందుకని ఆగకుండా ఇవాళే రాస్తున్నాను.

సంగతి తెలియనివారి కోసం మొదటి నుంచీ చెబుతాను. పండక్కి ముందే బడిలో చేసుకునే సెమీ క్రిస్మస్ కోసం ఐదో తరగతి పిల్లలు చెప్పుల అట్టపెట్టెకి ఎర్ర గ్లేజు కాగితం అంటించి, మూతకి సన్నటి చీలిక కోసి, వరండాలో స్తంభం పక్కన స్టూలు మీద పెట్టారు. పిల్లలందరికీ తలొక పోస్టుకార్డు ఇచ్చాం. క్రిస్మస్ తాతకి ఏం చెప్పుకోవాలనుంటే అది రాసి పెట్టెలో వేయమన్నాం. వారం రోజులు పిల్లలు రాశారు. చెయ్యి అడ్డం పెట్టుకుని, పక్కవాడికి కనపడకుండా రాశారు. శుక్రవారం సాయంత్రం స్టార్లు కట్టడానికి కొందరు తల్లిదండ్రులు వచ్చారు. చీకటి పడేదాకా నిచ్చెనలెక్కి తోరణాలు కట్టినందుకు వారికి నిజంగా రుణపడి ఉన్నాను. ఆ సందడిలో ఎవరో పెట్టె మూత తీశారు, కార్డులు చదివారు, కొన్నిటికి ఫొటోలు తీసి గ్రూపులో పెట్టారు. ఎవరని నేను ఆరా తీయలేదు, తీయను. ముచ్చటపడే పెట్టారని నమ్ముతున్నాను. పెట్టెకి తాళం వేయకపోవడం నా పొరపాటు. దానికి పిల్లలందరి ముందూ శనివారం ప్రార్థనలో క్షమాపణ చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఆ రాత్రి ఎక్కువగా తిరిగిన కార్డు మూడో తరగతి పాపది. వాళ్ళమ్మగారి అనుమతితోనే ఇది రాస్తున్నాను. పాప సముద్రం ఒడ్డు ఊరి నుంచి మన వ్యానులో వస్తుంది. నాన్న గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పనికి వెళ్ళారు. మన తీరం నుంచి ఎన్ని కుటుంబాల మగవాళ్ళు ఆగస్టులో అటు వెళ్ళి ఎండాకాలం దాకా తిరిగి రారో మీకు తెలుసు. పాప కార్డులో నాన్న గురించి రాసుకుంది. పొద్దున్నకల్లా ఆ కార్డు కింద ఏడుపు బొమ్మలు వరసగా చేరాయి. ఒకరు చందా మొదలుపెట్టారు. శనివారం పాప వ్యాను దిగగానే ఒక పిల్లవాడు, "నీ కార్డు మా అమ్మ ఫోన్లో చూసీసినాం" అన్నాడు. వాడి తప్పేమీ లేదు, చూసిందే చెప్పాడు. పాప ఆ రోజు పాటలో నిలబడలేదు. తెల్ల గౌను వేసుకుని, తలకి తళుకు కాగితం చుట్టుకుని, స్టేజీ వెనక కుర్చీల మధ్య కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే అడిగింది: "తాత ఒక్కడే కదా సదవాలి టీచరు, అందరూ ఎందుకు సదివేసినారు?"

నాకు జవాబు దొరకలేదు. మీలో ఎవరికైనా దొరికితే పాపకి చెప్పండి.

చందా సంగతి: వాళ్ళమ్మగారు తెల్లవారుజామునే చేపల గంప ఎత్తుకునే మనిషి. ఆవిడ నాతో, "మాకేటి తక్కువమ్మా? ఆయన పనికెల్లినాడు, అంతే" అన్నారు. దయచేసి ఎవరి డబ్బు వాళ్ళకి వెనక్కి ఇచ్చేయండి. ఫొటోలు ఫోన్లలోంచి తీసేయండి, గ్రూపులోంచే కాదు, గ్యాలరీలోంచి కూడా. మిగతా కార్డుల్లో ఏముందో నేను ఎక్కడా రాయను, స్టాఫ్‌రూములోనూ మాట్లాడను.

ఇంకో మాట నాకు మరీ బాధ కలిగించింది. ఒక బాబు కార్డులోని భాషని పట్టుకుని ఎవరో వాయిస్ మెసేజ్ పెట్టారు. "ఏటి తాతా, ఎప్పుడొస్తావు" అని రాశాడట, అది తెలుగేనా అట. ఆ మెసేజ్ విని నవ్వినవాళ్ళు చాలామందే ఉన్నారు. అయ్యా, అమ్మా, మనం ఉంటున్నది ఏ జిల్లా? గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టిన పర్వతాలపేట మన శ్రీముఖలింగం దగ్గరే కదా. జనం నోట్లో ఉన్న మాట కాగితం మీదికి రావాలని ఆయన జీవితమంతా పోరాడారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి, డిసెంబరులో ఆయన మాటనే నమ్మి రాసిన పిల్లవాణ్ణి చూసి నవ్వుతామా? పరీక్షలో ఎలా రాయాలో బడి నేర్పుతుంది, అది మా పని. కానీ తాతకి, అమ్మమ్మకి, నాన్నకి రాసే కార్డులో పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటే రాస్తారు. రాయాలి కూడా. ఆ కార్డు చదువుతుంటే పిల్ల గొంతు వినపడాలి. "నేను ఇక్కడ కుశలము, మీరు అక్కడ కుశలమని తలుస్తాను" అని బట్టీ వాక్యం రాస్తే ఏ అమ్మమ్మకి మనవరాలు కళ్ళ ముందు కనపడుతుంది? మన ఐదో తరగతిలో సీతంపేట అటవీ ప్రాంతం నుంచి వచ్చి బంధువుల ఇంట్లో ఉండి చదువుకుంటున్న అమ్మాయి తన తాతకి తెలుగు అక్షరాలతో సవర అనే గిరిజన భాషలో కార్డు రాసింది. నాకు అర్థం కాలేదు. తనే ఒక్కో మాట మీద వేలు పెట్టి నాకు చెప్పింది. గిడుగువారు సవర పిల్లల కోసం వాచకాలు తయారుచేసినప్పుడు సరిగ్గా ఇదే చేశారు, తెలుగు లిపిలో సవర మాటలు. ఆ సంగతి అమ్మాయికి తెలియదు, ఎవరూ చెప్పలేదు. తనకి తానే చేసింది. ముప్పై ఏళ్ళుగా బడిలో ఉన్నాను, ఇంత సంతోషం కొద్దిసార్లే కలిగింది.

క్రిస్మస్ తాతకి రాశాక, రెండో కార్డు నిజంగా ఉన్న మనిషికి రాయమన్నాం: ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో, భిలాయ్‌లో ఉన్న పెదనాన్నకో. అక్కడ తెలిసింది అసలు సంగతి. మన పిల్లల్లో చాలామందికి తమ అమ్మమ్మ ఊరి పూర్తి చిరునామా రాదు. "అమ్మమ్మ, మా ఊరు" అని ఒకరు. "చింతచెట్టు దగ్గర పెంకుటిల్లు" అని ఇంకొకరు. మండలం పేరు తెలిసినవారు తక్కువ, పిన్‌కోడ్ తెలిసినవారు ఇంకా తక్కువ. ప్రతి పండక్కీ వెళ్ళే ఊరే కదా. కారులో కూర్చుని ఫోను చూస్తూ వెళితే ఊరి పేరు రాసిన బోర్డు ఎప్పుడు చదువుతారు? దయచేసి ఈసారి వెళ్ళేటప్పుడు ఫోను మీ జేబులోనే ఉంచి, పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

పిన్‌కోడ్ చెప్పబోయి నేను మూడు పీరియడ్లు తీసుకున్నాను, లెక్కల టీచరుగారు మన్నించాలి. 1972 ఆగస్టు 15న ఈ ఆరంకెల పద్ధతి వచ్చింది. మొదటి 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలున్న వైపు. 532 అనగానే మన శ్రీకాకుళం వైపు సంచిలో పడుతుంది, 535 అయితే విజయనగరం. చివరి మూడంకెలు ఏ పోస్టాఫీసో చెబుతాయి. శ్రీకాకుళం 532001, టెక్కలి 532201. ఊళ్ళ పేర్లు ఎన్ని భాషల్లో ఎలా రాసినా, ఒకే పేరుతో పది ఊళ్ళున్నా, అంకె దారి తప్పదు. నాలుగో తరగతి బాబు ఒకడు రెండు రోజుల్లో తన తరగతిలో అందరి తాతగార్ల ఊళ్ళ కోడ్లూ సేకరించి గోడకి అంటించాడు. ఇప్పుడు టీచర్లు కూడా వాడినే అడుగుతున్నారు. క్రిస్మస్ తాతకి పిన్‌కోడ్ ఉందా అనీ అడిగాడు. ఉంది, కెనడా తపాలా శాఖ ఆయన పేరిట ఒక కోడ్ పెట్టి, పిల్లల ఉత్తరాలకి ఏటా జవాబులు పంపుతుంది. ఆయన నిజమా అని అడిగినవాళ్ళకి, పదహారు పదిహేడు వందల ఏళ్ళ కిందట ఇప్పటి టర్కీలోని మైరా అనే ఊళ్ళో నికొలస్ అనే బిషప్పు ఉండేవారనీ, ఆయన పేరే ఈ తాత దాకా వచ్చిందనీ చెప్పాను. పెద్ద తరగతుల పిల్లలు అంతకు మించి యూకేజీ పిల్లలకి ఏమీ విప్పి చెప్పకుండా ఉంటే మంచిది.

పోస్టుకార్డు మన దేశంలో 1879లో మొదలైంది. ఇవాళ్టికీ అర్ధరూపాయే. రూపాయికి రెండు వస్తాయి. ఇంట్లో పది కార్డులు ఉంచండి, అంతకన్నా ఏమీ అడగను. మూడో తరగతి పాప రెండో కార్డు నాన్నకే రాసింది, బోటు యజమాని చిరునామాకి. ఫోన్ చేయొచ్చు కదమ్మా అంటే, "మాటాడుతుంటే మద్దిలో కట్టయిపోతాది టీచరు. కార్డయితే ఎన్నిసార్లయినా సదువుకుంటాడు" అంది. బోటు ఒకసారి వేటకి వెళితే రెండు మూడు వారాలు సముద్రం మీదే. వాళ్ళు ఒడ్డుకి వచ్చేసరికి కార్డు అక్కడ ఎదురుచూస్తూ ఉండాలని పాప లెక్క. ఇవాళ పొద్దున్న తనే హెడ్ పోస్టాఫీసు డబ్బాలో వేసింది, నేను పక్కన నిలబడ్డాను.

మిగతా విషయాలు: 25 గురువారం సెలవు, 26న బడి మామూలుగా ఉంటుంది. హైవే మీద మంచు పడుతోంది కాబట్టి వ్యానులు పావుగంట ఆలస్యమైతే డ్రైవరుగారికి వరసగా ఫోన్లు చేయకండి. స్వెట్టర్ల మీద పేర్లు రాయండి. ఫీజు బకాయిలున్నవారు ఆఫీసులో కనపడండి. సంక్రాంతి సెలవుల ఉత్తర్వు వచ్చాక తేదీలు చెబుతాం.

ఇక పండగ వారం గురించి, ఒక పెద్దదానిగా చెబుతున్నాను, తప్పుగా అనుకోకండి. క్యారల్స్ మంచివే, మా వీధిలోకి వస్తే నేనూ తలుపు తీసి పాడతాను. కానీ ఆరేళ్ళ పిల్లల్ని రాత్రి ఒంటిగంట దాకా వ్యాను మీద తిప్పి, పొద్దున్న ఎనిమిదింటికి బడికి పంపితే వాళ్ళు బల్ల మీదే నిద్రపోతున్నారు. మేము లేపడం లేదు, లేపడానికి మనసు రావడం లేదు. క్యారేజీలో అన్నం బదులు క్రీము కేకు వారమంతా పంపకండి. బంధువుల ఇంటికి వెళ్ళగానే "అంకుల్‌కి రైమ్ చెప్పు", "మొన్న లెక్కల్లో ఎన్నొచ్చాయో చెప్పు" అని పిల్లల్ని నిలబెట్టకండి. తర్వాత వాళ్ళు ఏడిస్తే ఫోను చేతిలో పెట్టి మూలన కూర్చోబెట్టకండి. సోమవారం పిల్లల్ని "పండక్కి ఏం చేశావు" అని అడిగితే గేము పేరు చెబుతున్నారు.

మన బడిలోనే ఏడేళ్ళ అక్క, నాలుగేళ్ళ తమ్ముడు ఉన్నారు. వాళ్ళమ్మగారు చెప్పమన్నారు కాబట్టే చెబుతున్నాను. కిందటేడాది దాకా క్రిస్మస్‌కి రెండు రోజుల్లో ఏడు ఇళ్ళు తిరిగేవారట. ప్రతి ఇంట్లో బిర్యానీ, ప్రతి ఇంట్లో అరగంట, చివరికి బాబుకి జ్వరం. ఈసారి ఒక్క ఇంటికే, టెక్కలి వైపు నానమ్మగారింటికి, మొన్న శని, ఆదివారాలు ముందే వెళ్ళి వచ్చారు. ఆమదాలవలసలో రైలెక్కారు. మిగతా బంధువుల్ని సంక్రాంతికి, కొత్త సంవత్సరానికి పంచుకున్నారు. నానమ్మ గులాబీ పువ్వుల పిండివంట చేస్తుంటే పాప పక్కన పీట మీద కూర్చుని ఇనప అచ్చు పట్టుకుంది. అచ్చుని ముందు నూనెలో బాగా కాగనివ్వాలి, లేకపోతే పిండి పట్టదు. పిండిలో మూడొంతులే ముంచాలి, పై అంచు మునిగితే పువ్వు ఊడి రాదు. ఇవాళ పాప తరగతి ముందు నిలబడి, చేత్తో అచ్చు పట్టుకున్నట్టు చూపిస్తూ, ఇదంతా చెప్పింది. మొదటి మూడు పువ్వులు విరిగిపోయాయనీ, అవి తాతయ్య తినేశారనీ కూడా చెప్పింది. నాలుగేళ్ళ తమ్ముడు ఇంటి ముందు వెదురు గడకి స్టారు కడుతుంటే తాడు పట్టుకున్నాడట, "నేనే కట్టేను" అని ఇప్పటికి బడిలో అందరికీ చెప్పాడు. పొరుగున క్రిస్మస్ చేసుకోని నాలుగు ఇళ్ళకి పళ్ళేలు పట్టుకెళ్ళింది కూడా ఈ పిల్లలే. ఆ ఇళ్ళవాళ్ళు పళ్ళెం ఖాళీగా తిప్పి పంపరు కదా, సంక్రాంతికి అరిసెలతో వస్తాయని పాప ఇప్పుడే లెక్క పెట్టుకుంటోంది.

పెట్టెలోని కార్డులన్నిటికీ క్రిస్మస్ తాత పేరున జవాబులు నేనే చేత్తో రాస్తున్నాను. బుధవారం సాయంత్రంలోగా ప్రతి పిల్ల చేతికీ ఒకటి అందుతుంది. పేరు రాసి, అంటించి, మూసిన కవరులో ఉంటుంది. అది పిల్లలది. వాళ్ళు చూపిస్తే చూడండి, చూపించకపోతే అడగకండి, ఫొటో తీయకండి.

చివరగా, ఒక కాగితం మీద తాతగారి, అమ్మమ్మగారి, నానమ్మగారి చిరునామాలు ఇంటి పేరుతో, ఊరు, మండలం, పిన్‌కోడ్‌తో పిల్లల చేతే రాయించి, జనవరి 5 సోమవారం బడికి పంపండి. చదవడం రాని పెద్దవాళ్ళకి కార్డు వెళితే, ఆ ఇంట్లో ఎవరైనా పక్కన కూర్చుని పైకి చదివి వినిపించమని ముందే ఫోన్ చేసి చెప్పండి.

క్రిస్మస్ శుభాకాంక్షలతో,
మీ ప్రధానోపాధ్యాయురాలు