రాఖీ పున్నమికి ముందు మీతో ఒక మాట

తల్లిదండ్రులకు నమస్కారం.

శ్రావణ పున్నమి దగ్గర పడింది. మన బరంపురం బజారులో రాఖీల బల్లలు అప్పుడే వెలిశాయి. నిన్న సాయంత్రం ఒక బల్ల దగ్గర ఆగాను. లైటు వెలిగే రాఖీ, కార్టూన్ బొమ్మ రాఖీ, అన్న ఫోటో అచ్చువేసిన రాఖీ, వెండి రాఖీ. ఉత్త దారం ఉందా అని అడిగితే, షాపతను అడుగునున్న డబ్బాలోంచి వెతికి తీశాడు.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇది జంధ్యాల పున్నమి. చేతికి కట్టే దారమంటే మాకు ముందుగా తెలిసింది వరలక్ష్మీ వ్రతం తోరమే. తొమ్మిది పోగులు, తొమ్మిది ముళ్ళు, తడి పసుపు వాసన. రాఖీ మాకు పక్కింటి ఒడియా అక్కల దగ్గర్నుంచి అలవాటైంది. వాళ్ళకిది గమ్హా పున్నమి, బలభద్రుడి పుట్టినరోజు. పశువులను కడిగి, పూజచేసి, వాటికీ రాఖీ కడతారు. కొన్నాళ్ళకు అరచేయంత స్పాంజి రాఖీలొచ్చాయి. మా తమ్ముడు అన్నం కలుపుకుంటే దాని అంచు పప్పులో మునిగేది. అయినా విప్పనిచ్చేవాడు కాదు.

కాబట్టి రాఖీ తీరు మారిందని నాకు బాధ లేదు. కానీ లైటు రాఖీలను మాత్రం బడికి పంపకండి. వాటిలో బటన్ సెల్, అంటే చొక్కా గుండీలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. చిన్నపిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. మింగారని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంకో సంగతి. పోయిన ఏడాది పండగ మర్నాడు మన గేటు పక్క చెత్తలో పడేసిన జిగేల్ రాఖీలను ఒక ఆవు నములుతుంటే, ఆయమ్మా నేనూ కలిసి దాని నోట్లోంచి లాగాం. దాని కొమ్ములకు ముందురోజు పెట్టిన పసుపు ఇంకా ఉంది.

అదే వారం ఆరో తరగతి పాప ఒకతి పట్టుపోగులు తెచ్చింది. వాళ్ళింట్లో మగ్గం ఉంది, చీర కోశాక మిగిలిన కొసలవి. మూడు ఎర్రపోగులు, రెండు పసుప్పచ్చవి కలిపి తొడమీద పేనింది. తమ్ముడి మణికట్టు కొలత వేలితో చూసుకుంది. రెండు చివర్లా ముడివేసి, మిగిలిన పోగులను గోరుతో విడదీస్తే కుచ్చులయ్యాయి. పది నిమిషాలు కూడా పట్టలేదు. క్లాసంతా బల్లలు వదిలేసి ఆమె చుట్టూ చేరింది. పట్టుచీరలకు గుడి శిఖరాల వరుసలాంటి ఫోడా కుంభం అంచు నేసే మన ఊళ్ళో పిల్లలకు పోగు పేనడం రాకపోతే ఎలా అని ఆ రోజే అనిపించింది.

అందుకే పండగకు ముందు శుక్రవారం ఆఖరి రెండు పీరియడ్లలో పిల్లలందరితో రాఖీలు చేయిస్తున్నాం. ఇంట్లో మిగిలిన నూలు, పట్టు, ఊలు ఏదైనా ఇచ్చి పంపండి. కొని తేవద్దు. తోబుట్టువులు లేని పిల్లలు ఎవరికి కట్టాలనుకుంటే వాళ్ళకే చేస్తారు. మన ఆయమ్మకు కడతానని ఇప్పటికే ముగ్గురు చెప్పారు.

అన్నలు సూరత్‌లో పనిచేస్తున్న పిల్లలు మన బడిలో చాలామంది. దారపు రాఖీ పలచగా ఉంటుంది గనక మామూలు కవరులోనే పడుతుంది. ఆ కవర్లను మేమే పోస్టు చేస్తాం. మీ అబ్బాయి ఇప్పుడుంటున్న గది చిరునామాను పిన్‌కోడ్‌తో సహా కాగితం మీద రాసి, బుధవారంలోగా పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు