జిల్లా వైద్య, ఆరోగ్యశాఖాధికారి గారికి ఒక స్టాఫ్ నర్సు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారములు. కోవిడ్ వార్డు నర్సుల విశ్రాంతి గురించి మీ కార్యాలయానికి మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాను. జవాబు రానందున నలుగురి ఎదుట ఈ లేఖ రాస్తున్నాను.

2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో దశ ఉద్ధృతంగా ఉన్నప్పుడు, పీపీఈ కిట్ మధ్యలో విప్పే వీలులేక, గుక్కెడు మంచినీళ్లయినా తాగకుండా ఆరేసి గంటలు నిలబడి పనిచేశాం. గ్లౌజులు తీస్తే వేళ్లు నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉండేవి. ఒక రాత్రి, అప్పుడే ఊపిరి ఆగిన మనిషి దిండు పక్కన ఫోన్ మోగింది. తెరపై ‘చిన్నోడు’ అని ఉంది. ఆ ఫోన్ ఎత్తిన మా తోటి నర్సుకు నేటికీ ఎక్కడ ఫోన్ మోగినా చేతులు వణుకుతాయి. మర్నాడు ఆమె డ్యూటీకి వస్తే అందరూ ధైర్యవంతురాలన్నారు. ఆమెకు సెలవు దొరకలేదని మాకు తెలుసు.

2020 మార్చిలో కేంద్రం ప్రకటించిన 50 లక్షల రూపాయల బీమా, కోవిడ్ విధుల్లో ప్రాణాలు కోల్పోయినవారి కుటుంబాలకు వర్తించింది. ప్రాణాలతో మిగిలి నిద్రకు దూరమైనవారి సంగతి కూడా దయచేసి ఆలోచించండి.

కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందితో సహా కోవిడ్ విధులు చేసిన ప్రతి నర్సుకూ జీతంలో కోత లేని విశ్రాంతి సెలవునూ, వివరాలు గోప్యంగా ఉంచే మానసిక వైద్యుల కౌన్సెలింగ్‌నూ మంజూరు చేస్తూ 15 రోజుల్లో లిఖితపూర్వక ఉత్తర్వులు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు