శిరీషకు, ఆ లాప్‌టాప్ కొనే ముందు

తెనాలి,
మే 17, ఆదివారం.

చిరంజీవి శిరీషకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మామ్మ మోకాలికి కొత్త తైలం రాస్తున్నాం, కాస్త నయం అంటోంది. ఎండలు మండిపోతున్నాయి. షాపుకి మోటార్లు వరసపెట్టి వస్తున్నాయి. నిన్న ఒక్కరోజే దుగ్గిరాల వైపు నుంచి మూడు, కొల్లిపర నుంచి రెండు వచ్చాయి. ఒక ఫేజు పోయినా మోటారు అలాగే తిరుగుతుంటే కాలక ఏమవుతుంది. ఆవకాయ పెట్టేశాం. ఈసారి కొత్తపల్లి కొబ్బరి కాయ దొరికింది, ముక్క గట్టిగా ఉంది. నీ జాడీ అమ్మ వేరే తీసి పెట్టింది, మామ్మను కూడా ముట్టుకోనివ్వడం లేదు.

నువ్వు మాట్లాడి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెడుతున్నావు, చూస్తూనే ఉన్నాను. ఆఫీసులో పని ఎక్కువగా ఉందేమో. సరే, ఇది దాని గురించి రాస్తున్న ఉత్తరం కాదు.

మొన్న బుధవారం సుగుణ పిన్ని వచ్చింది. అక్క రెండు లక్షల పైన పెట్టి గేములు ఆడే లాప్‌టాప్ కొంటోందని బన్నీ చెప్పాడట. అమ్మ వంటింట్లో ఉంది, విన్నదో లేదో తెలియదు. విన్నా నాతో ఏమీ అనలేదు. ఆ రాత్రి కంచంలో పెరుగన్నం మాత్రం అలాగే వదిలేసింది.

కొంటున్నందుకు నాకు కోపం లేదు తల్లీ, ముందే చెప్తున్నాను. నీ సంపాదన నీది. ఆడుకోవడానికే అయినా తప్పులేదు, నీ బొమ్మల పనికి అయితే మరీ మంచిది. ఆ రెండు లక్షల్లో నీది ఎంత, అప్పు ఎంత, ఆ అప్పు ఎవరి దగ్గర అన్నదే నాకు తెలియాలి. దాని సంగతి కింద రాస్తాను.

నాకు కంప్యూటర్లు తెలియవు కాబట్టి పక్క షాపు కిషోర్‌ని అడిగాను. నీ పేరు చెప్పలేదు, ఎవరో అడిగారని చెప్పాను. వాడు రెండు సాయంత్రాలు కూర్చుని చెప్పాడు. అన్నీ వైండింగ్ లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాను. అందులో వేసే గ్రాఫిక్స్ చిప్పుల్లో 5070 అని ఒకటి, 5070 టీఐ అని ఒకటి ఉంటాయటగా. పేరు చివర ఒక ముక్కే తేడా, లోపల మాత్రం మొదటిదానికి గ్రాఫిక్స్ మెమరీ 8 జీబీ, రెండోదానికి 12 జీబీ. ఆ మెమరీ తర్వాత పెంచుకోవడం కుదరదట. నువ్వు చేసే త్రీడీ బొమ్మలకి ఆ తేడా బాగా తెలుస్తుందన్నాడు. ఇంకో సంగతి, ఒకే పేరున్న చిప్పుని ఒక లాప్‌టాప్‌లో తక్కువ వాట్లకి, ఇంకోదానిలో ఎక్కువ వాట్లకి నడుపుతారట. కాబట్టి పేరు చూసి డబ్బు కట్టకు, ఎన్ని వాట్లో కనుక్కో. మోటారు కొనేటప్పుడు రంగు ఎవరు చూస్తారు, నేమ్ ప్లేటు చూస్తాం కదా.

ఆ చిప్పు బోర్డుకే అతికి ఉంటుందని చెప్పినప్పుడు మాత్రం నాకు దిగులు పట్టుకుంది. మా దగ్గర మోటారు కాలితే, కాలిన కాయిళ్లు పీకి పారేసి, స్లాట్లు శుభ్రం చేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఇస్తాం. బాడీ అదే, షాఫ్టు అదే. నీ లాప్‌టాప్‌లో చిప్పు పోతే బోర్డు మొత్తం మారుస్తారట. బోర్డు అంటే ఆ యంత్రం ఖరీదులో పెద్ద వాటా. ర్యామూ హార్డ్ డిస్కూ అయితే చాలావాటిలో విడిగా మార్చుకోవచ్చు, దీనికి ఆ వీలు లేదు. వారంటీ సంగతి నేను ఇంత పట్టుకున్నది ఇందుకే.

కంపెనీ మామూలుగా ఇచ్చేది చాలావాటికి ఒక్క ఏడాది. రెండు లక్షల వస్తువుకి ఒక్క ఏడాది ఏం సరిపోతుంది. వైండింగ్ తట్టుకునే వేడి మీద పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని మా గురువుగారు నేర్పారు. ముప్పై ఏళ్లుగా నేను కళ్లారా చూస్తున్నదీ అదే. నీదీ వేడితో బతికే యంత్రమే. హైదరాబాదు ఎండాకాలం, నీ గదికి ఏసీ లేదు, నువ్వేమో మంచం మీద దుప్పటి పైన పెట్టుకుని కూర్చుంటావు. గాలి తీసుకునే కన్నాలు చాలావాటికి అడుగునే ఉంటాయట. దుప్పటి వాటిని మూసేస్తే ఫ్యాను ఎంత తిరిగినా ఏం లాభం? మంచం మీద పెట్టకు. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచి వాడితే, 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే ఏర్పాటు చాలావాటిలో ఉంటుందట, అది పెట్టుకో. బ్యాటరీ ఉబ్బకుండా ఉంటుంది. మిగతా వారంటీ పెంచినా బ్యాటరీకి చాలాచోట్ల ఏడాదే ఇస్తారు, అదీ అడిగి తెలుసుకో.

ఇప్పుడు ఎక్స్‌టెండెడ్ వారంటీ. షోరూంలో బిల్లు వేసేటప్పుడు కుర్రాడు నవ్వుతూ ఒకటి చెప్తాడు, ఇంకో రెండేళ్లు, ఇంతే మేడమ్ అని. అప్పుడు తొందరపడి తల ఊపకు. నేను ఊపి అనుభవించాను. నీకు సగమే తెలుసు, అప్పుడు నువ్వు ఇంటర్ హాస్టల్లో ఉన్నావు.

2016లో అమ్మకి మణికట్టు నొప్పులు పట్టుకున్నప్పుడు వాషింగ్ మెషిన్ కొన్నాం కదా. ఆ రోజు అమ్మ బయట ఆటోలో మామ్మ దగ్గర కూర్చుంది. కౌంటరు దగ్గర ఆ కుర్రాడు మూడేళ్లు పెంచుతాం, 3,600 అన్నాడు. అమ్మకి చెబితే వద్దంటుందని చెప్పకుండా కట్టేశాను. రసీదు జాగ్రత్తగా ఉండాలని మర్నాడే తీసుకెళ్లి జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాను. మెషిన్‌లో ఇటు నుంచి తెల్లగా వెళ్లిన కాగితం అటు నుంచి బొగ్గులా నల్లగా వచ్చింది. ఒక్క అక్షరం కూడా కనబడలేదు. అది వేడితో అచ్చు వేసే కాగితమట, వేడి తగిలితే కాగితమంతా నల్లబడుతుందట. జీవితమంతా వేడితో పని చేసేవాణ్ణి, నాకా సంగతి తెలియలేదు. షాపు కంప్యూటర్లో ఉంటుందిలే అనుకుని ఆ నల్ల అట్టనే బీరువాలో పెట్టాను.

2019 సంక్రాంతి ముందు మెషిన్ ఆగిపోయింది. షోరూంకి ఫోన్ చేస్తే, వారంటీ మాది కాదు, వేరే కంపెనీది అన్నారు. ఆ కంపెనీకి చేస్తే బిల్లు ఫొటో పంపమన్నారు. నల్ల అట్ట ఫొటో పంపితే ఏం చూస్తారు. మళ్లీ షోరూంకి వెళ్తే కంప్యూటర్లు మార్చాం, పాత బిల్లులు లేవన్నారు. నాలుగు సార్లు గుంటూరు తిరిగాను. చివరికి ఎలాగో నంబరు దొరికి ఒక మనిషి వచ్చాడు. వెనక అట్ట విప్పి టార్చి వేసి, ఎలుక వైరు కొరికింది, ఇది మా దాంట్లో రాదు అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. కాగితం తిరగేస్తే నిజంగానే ఉంది, మందు బిళ్లల అట్ట మీద తారీఖంత చిన్న అక్షరాల్లో. ఆ సాయంత్రం నేనే కూర్చుని నలభై రూపాయల వైరుతో అతుకు వేశాను, తిరిగింది.

కానీ అప్పటికి ఇరవై ఆరు రోజులయ్యాయి. ఆ ఇరవై ఆరు రోజులూ, పండగ దుప్పట్లతో సహా, అమ్మ ఆ చేతులతోనే ఉతికింది. మొదటి రోజే నేను వైరు చూసి ఉంటే అయిపోయేది. వారంటీ ఉంది కదా, విప్పితే పోతుందేమోనని ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోవడం లేదో అమ్మకి చెప్పలేదు, చెబితే ఆ 3,600 బయటపడుతుందని. అమ్మ బట్టలు పిండుతుంటే నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ గుర్తొస్తే నాకు అన్నం సయించదు. అమ్మకి ఈ సంగతి మొన్న బుధవారం రాత్రి చెప్పాను. ఇన్నేళ్ల తర్వాత. నీ గురించి ఆలోచిస్తుంటే చెప్పాలనిపించింది.

అందుకని నా మాట విను. షోరూం వాళ్లు అమ్మేది తీసుకోకు. లాప్‌టాప్ చేసిన కంపెనీయే అమ్మే వారంటీ తీసుకో, మొత్తం మూడేళ్లకి. దానితోపాటు కింద పడినా, నీళ్లు ఒలికినా చూసే యాక్సిడెంటల్ డ్యామేజ్ కూడా తీసుకో. మామూలు వారంటీలో ఇవి రావు, ఎన్నేళ్లు పెంచినా రావు. నువ్వు కాఫీ గ్లాసు ఎక్కడ పెడతావో నాకు తెలుసు. పొడిగింపు చాలా కంపెనీల్లో మొదటి ఏడాది లోపు ఎప్పుడైనా కొనుక్కోవచ్చట, కానీ ఈ యాక్సిడెంటల్ దానికి గడువు తక్కువగా ఉంటుంది. కొన్న వారంలోనే చూసుకో. ఇంటికి వచ్చి బాగుచేస్తారా, మనమే మోసుకెళ్లాలా అన్నది కూడా అడుగు. ఏ పిన్ కోడ్‌కి వస్తారో కనుక్కో, మన తెనాలిది కూడా అడుగు. నువ్వు ఇంటికి వచ్చి ఉండే రోజులుంటాయి కదా.

బిల్లు మీద సీరియల్ నంబరు ఉండాలి. కంపెనీ సైటులో ఆ నంబరు కొట్టి వారంటీ ఏ తారీఖు నుంచి చూపిస్తోందో చూడు. ఒక్కోసారి సరుకు షాపుకి వచ్చిన రోజు నుంచే లెక్క మొదలవుతుందట, బిల్లు పంపితే సరిచేస్తారు. బిల్లు ఫొటో నాకూ పంపు, నా ఫోన్లోనూ ఉంటుంది. ఏదైనా తేడా వస్తే 1915కి ఫోన్ చెయ్యి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 చట్టం వచ్చాక మనం ఉండే ఊరి జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. నాకు అప్పుడు ఇవేవీ తెలియవు.

డల్లాస్ మామయ్య తెచ్చిపెడతానన్నాడని కూడా పిన్ని చెప్పింది. ఒక లాప్‌టాప్‌కి కస్టమ్స్ ఉండదు, నిజమే. కానీ అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లుతుందా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. అది రాతపూర్వకంగా తెలిస్తే తప్ప వద్దు. నాలుగు డబ్బులు మిగుల్తాయని మూడేళ్ల ధైర్యం పోగొట్టుకోకు.

డబ్బు సంగతి. నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ లేదని కాదు. వడ్డీ ఎంతో అంత ధరలో తగ్గించి చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మనమే కట్టాలి. 2,10,000 ధర, ఏడాది, 15 శాతం అనుకుని లెక్క వేశాను, జీఎస్టీయే సుమారు 2,900 అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు పైన. బ్యాంకు కార్డు మీద అయితే ఇది పెద్ద నష్టమేమీ కాదు, నాకు భయమూ లేదు. ఫోన్లో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లు అంటేనే భయం. మన వెనక వీధిలో ఒకబ్బాయి అలాగే తీసుకున్నాడు. వాడి ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు వచ్చాయి, నాకూ వచ్చింది. వాళ్ల నాన్న నెల రోజులు బజారు వైపు రాలేదు. అలాంటిది ఏదైనా ఉంటే ఇవాళే చెప్పు. తిట్టను. అమ్మ మీద ఒట్టు.

చీటీ పాట పోయిన నెల నాకే వచ్చింది. లక్షా ఇరవై వేలు పోస్టాఫీసులో వేశాను, దేనికీ కేటాయించలేదు. నువ్వు అడగాలని కాదు, ఉందని చెప్తున్నాను. వారంటీ డబ్బు మాత్రం నేనే కడతాను, దీనికి వద్దనకు.

మరిచాను, దాని అడాప్టరు మూడు పిన్నులది అయి ఉంటుంది. మీ గదిలో రెండు కన్నాల ప్లగ్గే ఉందని పైన ఇంకో బిళ్ల తగిలించి పెట్టకు. ఎర్తు లేకపోతే లాప్‌టాప్ మీద అరచెయ్యి ఆనించగానే సన్నగా జివ్వుమంటుంది, తడి చేతులైతే ఇంకా తెలుస్తుంది. 330 వాట్ల అడాప్టరైనా రెండు యాంపులు తీసుకోదు, లోడుకి భయం లేదు. లూజ్ కాంటాక్టుకే భయం. ప్లగ్గు కదిలిస్తే చిటచిటమంటే ఓనరు చేత మార్పించు, లేదా నేనొచ్చి మారుస్తాను. ఆదివారం పొద్దున రైలెక్కితే సాయంత్రానికి మార్చి రాత్రి బండికి వచ్చేస్తాను, నీ పనికి అడ్డం రాను.

చిన్నప్పుడు సెలవుల్లో షాపుకొచ్చి నా పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని చుట్లు లెక్కపెట్టేదానివి. నాకు ఫోనొచ్చినా, ఎవరైనా పిలిచినా నీ లెక్క తప్పేది కాదు. ఎక్కడ ఆపావని అడిగితే వెంటనే చెప్పేదానివి. నువ్వు లెక్క లేకుండా ఏమీ చేయవని నాకు తెలుసు. అయినా ఇన్ని పేజీలు రాశాను.

పెరటి తలుపు తీసేశాం కదా, ఆ టేకు చెక్కతో వడ్రంగి చేత లాప్‌టాప్ పెట్టుకునే పీట ఒకటి చేయించాను. కొలత తెలియక కిషోర్ షాపులో పదహారు అంగుళాలది చూసి, పాత పేపరు దాని సైజుకి కత్తిరించుకుని తీసుకెళ్లాను. వెనక వైపు అంగుళంన్నర ఎత్తు, మధ్యలో పట్టీలు పట్టీలుగా ఖాళీ, కింద నుంచి గాలి ఆడుతుంది. అంచులు నేనే గరుకు కాగితంతో రుద్దాను, చేతికి గుచ్చుకోదు. దాన్నీ ఆవకాయ జాడీనీ ఒకే పెట్టెలో సర్ది రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. జాడీ మూతికి గుడ్డ కట్టి పైన రెండు కవర్లు తొడిగాం, అయినా తీయగానే నిలబెట్టి పెట్టు. పెట్టె మీద నీ నంబరు రాశాను. కార్గో వాళ్లు ఏ నంబరు నుంచి చేస్తారో తెలియదు, ఎల్లుండి కొత్త నంబరు నుంచి ఫోనొచ్చినా తియ్యి. వాళ్లతో మాట్లాడాక ఇంటికి కూడా ఒకసారి చెయ్యి, తొమ్మిది దాటినా పర్వాలేదు, అమ్మ మెలకువగానే ఉంటుంది.

నాన్న